పెట్టె వద్దంటోంది

మా దొరవారిసత్రంలో రాకెట్టు చూడటానికి టిక్కెట్టు కొనక్కర్లేదు. మేడ వుంటే చాలు. మేడ లేనివాళ్ళు, మేడ వున్నవాళ్ళతో నాలుగు రోజుల ముందునించీ కాస్త మంచిగా వుంటే చాలు. పులికాటు సరస్సుకి అవతల శ్రీహరికోట. ఆ వైపునించి ముందు వెలుగు లేస్తుంది. "అదుగో అదుగో" అని పిల్లలు గంతులు వేసి అలిసిపోయి, నిమిషం దాటాక గానీ చప్పుడు మనదాకా రాదు. వచ్చిందంటే మాత్రం కిటికీ రెక్కలు వణుకుతాయి. నేలపట్టులో చెట్లమీద గూళ్ళు కట్టుకున్న గూడబాతులు ఆ చప్పుడుకి ఏమనుకుంటాయో అవే చెప్పాలి.

అయితే నేను చెప్పబోయేది ఎగిరిన రాకెట్ల గురించి కాదు. వాటి గురించి పేపర్లు చెబుతాయి, టీవీలు చెబుతాయి. నాకెప్పుడూ ఎగరకుండా ఆగిపోయిన వాటిమీదే ధ్యాస. 2019 జూలై 15న చంద్రయాన్-2 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకి లేవాలి. మా వీధి వీధంతా మేలుకుని వుంది. పసిపిల్లల్ని దుప్పట్లలో చుట్టుకుని, ఫ్లాస్కుల్లో కాఫీ పోసుకుని, శివరాత్రి జాగారంలా కూర్చున్నారు. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు వుందనగా లెక్క ఆగిపోయింది. సాక్షాత్తూ రాష్ట్రపతిగారే చూడవచ్చిన రోజు అది! అయినా ఆపేశారు.

"ఏందక్కా ఇది! ఇంతింత చదువులు చదివినోళ్ళు, ముందే చూసుకోవద్దా?" అంది పక్కింటావిడ, నిద్రపోయిన పిల్లవాణ్ణి భుజాన వేసుకుంటూ. వారం తిరిగేసరికి జూలై 22న, పట్టపగలు 2 గంటల 43 నిమిషాలకి, అదే రాకెట్టు నిక్షేపంలా లేచి వెళ్ళింది. కానీ ఆవిడ అడిగిన మాట మాత్రం నన్ను వదిలిపెట్టలేదు. ముందే చూసుకోవద్దా?

ఈ ప్రశ్నకి జవాబు చెప్పింది మా కోడలు. ఆ పిల్ల హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. ప్రోగ్రాములు రాస్తుంది కాబోలనుకునేదాన్ని. కాదట. నడుస్తున్న కంప్యూటర్లకి కాపలా కాస్తుందట. జనం ఫోన్లలోంచి డబ్బులు పంపుకుంటారు చూడండి, ఆ డబ్బు ఒక చోటినించి ఇంకో చోటికి వెళ్ళేలోగా ఎన్నో కంప్యూటర్లు దాటాలట. వాటిలో ఏది ఎప్పుడు మొరాయిస్తుందో కనిపెట్టి వుండటం ఆమె పని. అలాగని కర్ర పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడదు. సూత్రాలు రాసి పెడుతుంది. "ఇది ఇంతకి మించితే అలా చెయ్యి, అది అంతకి తగ్గితే ఫలానావాళ్ళని లేపు" అని. ఆ సూత్రాల్ని పట్టుకుని ఇంకో కంప్యూటరు రాత్రింబవళ్ళు కళ్ళప్పగించి చూస్తూ వుంటుంది. తేడా వస్తే అర్ధరాత్రి అయినా సరే మా కోడలి ఫోను మోగుతుంది. పెళ్ళయిన కొత్తలో ఆ మోతకి మేమంతా ఉలిక్కిపడి లేచేవాళ్ళం. ఇప్పుడు పక్కకి తిరిగి పడుకుంటున్నాం.

"ముందే చూసుకుంటారు అత్తయ్యా," అంది. "కానీ ముందు చూసుకోవటం పెళ్ళిచూపుల్లాంటిది. పాట పాడించారు, నడిపించి చూశారు, వంటొచ్చా అని అడిగారు. అన్నీ బాగానే వున్నాయి. తరవాత కాపరంలో ఏ రోజు ఏం వస్తుందో ఆ పెళ్ళిచూపుల్లో ఎట్లా తెలుస్తుంది? కాపరం చేస్తూ వుండగానే చూసుకోవాలి. మేము చేసేది అదే."

పోలిక బాగానే వుంది గానీ, ఎవరి పెళ్ళిచూపులు మనసులో పెట్టుకుని అందో నేను అడగలేదు.

నిజానికి ఇలాంటి కాపలా మన వంటింట్లో ఎప్పటినించో వుంది. ప్రెషరు కుక్కరు సంగతి చూడండి. ఆవిరి ఒక హద్దు దాటగానే వెయిటు లేచి ఈల వేస్తుంది. అది హెచ్చరిక. ఏ పప్పుగింజో అడ్డుపడి ఆ దారి మూసుకుపోయిందనుకోండి, మూతమీద సేఫ్టీ వాల్వు ఒకటి వుంటుంది. అందులో తక్కువ వేడికే కరిగే లోహం పెడతారు. అది కరిగి ఆవిరిని బయటికి వదిలేస్తుంది. పప్పు పాడయితే అయింది, కుక్కరు పేలదు. ఆ వాల్వు మనల్ని అడగదు. చుట్టాలొచ్చి కూర్చున్నారే, పప్పు ఇంకా వుడకలేదే అని మొహమాటపడదు. దాని హద్దు ఎప్పుడో కంపెనీలో, ఎవరికీ ఆకలి లేని వేళ, తీరిగ్గా ఆలోచించి నిర్ణయించారు. ఆ తీరికలో రాసుకున్న మాటని ఈ కంగారు వేళ పాటించటం, ఇదే ఇందులో కీలకమంతా.

రాకెట్టు దగ్గరా అంతే. చివరి నిమిషాల్లో పని మనుషుల చేతిలోంచి కంప్యూటరు చేతిలోకి వెళ్ళిపోతుంది. ఎన్ని ట్యాంకులు, ఎన్ని కవాటాలు, ఎంత ఒత్తిడి, ఎంత వేడి! ఒక్కొక్కదానికీ ఇంతకి తగ్గకూడదు, అంతకి మించకూడదు అని హద్దులు. వాటినన్నిటినీ ఏ మనిషి కన్నూ ఒకేసారి చూడలేదు. చూసినా, చూసి ఆలోచించి నోరు తెరిచేలోగా రాకెట్టు ఆకాశంలో వుంటుంది.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన కథ ఒకటి వుంది. మీరంతా వినే వుంటారు. 1979 ఆగస్టు 10. మన దేశం సొంతంగా తయారుచేసుకున్న ఎస్.ఎల్.వి.-3 మొదటిసారి శ్రీహరికోటలో లేచింది. ఆ ప్రాజెక్టుకి డైరెక్టరు అబ్దుల్ కలాంగారు. రాకెట్టు రెండో దశలో అదుపు తప్పి, 317 సెకన్లకి బంగాళాఖాతంలో పడింది. అప్పుడు ఇస్రో అధిపతి సతీష్ ధావన్‌గారు విలేఖర్ల ముందు తాను నిలబడి ఓటమి బాధ్యత తన మీద వేసుకున్నారు. మరుసటి ఏడు, 1980 జూలై 18న రాకెట్టు విజయవంతంగా రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు, మాట్లాడమని కలాంగారినే పంపించారు. ఓటమికి పెద్దవాడు, గెలుపుకి చిన్నవాడు. ఎన్ని సభల్లో చెప్పినా చప్పట్లు మోగే కథ.

కానీ అందరూ ఆ కథని సగంనించి మొదలుపెడతారు. మొదటి సగం కూడా కలాంగారే దాచుకోకుండా చెప్పారు. ఆ రోజు రాకెట్టు లేవటానికి ముందు కంప్యూటరు వద్దంది. లెక్క ఆపేసింది. రెండో దశని అదుపులో వుంచే ఏర్పాటులో కారుడు కనిపిస్తోంది, వెళ్ళొద్దు అని. చుట్టూ వున్న నిపుణులు లెక్కలు చూశారు. కారినా ఫరవాలేదు, మిగిలినది సరిపోతుంది అన్నారు. కలాంగారు కంప్యూటరుని పక్కన పెట్టి, ముందుకి వెళ్ళమన్నారు. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండో దశలో, పెట్టె ఎక్కడ వద్దందో అక్కడే, ఆమ్లం కారిపోయి వుంది. అదుపు తప్పింది.

వాళ్ళు అజాగ్రత్త మనుషులు కారు. ఏళ్ళ తరబడి నిద్రాహారాలు మాని పనిచేసినవాళ్ళు. పని దగ్గరపడ్డప్పుడు మనిషికి "ఫరవాలేదులే" అనే మాట ఎంత సులువుగా నోటికి వస్తుందో మనకి తెలీదూ? పెళ్ళివారు విడిదిలో దిగాక, పీటల మీద కూర్చునే వేళకి, పెళ్ళికొడుకు గురించి ఎవరైనా ఒక మాట చెవిలో వేస్తే ఎంతమంది తండ్రులు ఆగగలిగారు? అంతదాకా వచ్చాం కదా అనే మాటకున్న బలం అంతా ఇంతా కాదు. నిపుణుల లెక్క ఎలా వుండాలని అందరి మనసూ కోరుకుంటోందో, అలాగే వచ్చింది.

ఇంక 2001 మార్చి 28 సంగతి. ఆ వేళ జి.ఎస్.ఎల్.వి. మొదటిసారి లేవాలి. దాని పద్ధతి ఏమిటంటే, మధ్యలో పెద్ద మోటారు, చుట్టూ నాలుగు మోటార్లు. చుట్టూ వున్న నాలుగూ ముందు వెలుగుతాయి. వాటిలో ద్రవ ఇంధనం, కాబట్టి అవసరమైతే ఆపవచ్చు. మధ్యలోది ఘన ఇంధనం. అది మన దీపావళి చిచ్చుబుడ్డిలాంటిది. అంటించామా, ఇక అది కాలవలసిందే గాని ఆర్పటం ఎవరితరమూ కాదు. అందుకని నాలుగూ సరిగ్గా పుంజుకున్నాయా లేదా అని కంప్యూటరు చూశాకనే మధ్యలోదాన్ని అంటిస్తుంది. మధ్యన వున్న సమయం నాలుగయిదు సెకన్లు.

నాలుగూ అంటుకున్నాయి. పొగ లేచింది. టీవీ ముందు కూర్చున్నవాళ్ళం చప్పట్లకి చేతులు ఎత్తాం. ఆ నాలుగింటిలో ఒకటి తగినంత బలం పుంజుకోలేదు. కంప్యూటరు ఎవర్నీ అడగలేదు, ఎవరి మొహమూ చూడలేదు, అన్నిటినీ ఆపేసింది. మధ్యలోది అంటుకోలేదు. రాకెట్టు నుంచున్న చోటే నుంచుంది. ఆ రోజు టీవీలో చూసినవాళ్ళకి అది అపజయంలా కనపడింది. పొగ పోయి రాకెట్టు అలాగే నిలబడి వుంటే, ముహూర్తానికి పీటలమీంచి లేచిపోయిన పెళ్ళిలా వుంది. కానీ ఆ రాకెట్టే, చెడిన మోటారు మార్చుకుని, 21 రోజులకి ఏప్రిల్ 18న లేచింది. 1979లో ఎవరూ రాకెట్టుని వెనక్కి తెచ్చుకోలేకపోయారు. 2001లో దాన్ని నేలమీదే దక్కించుకున్నారు.

ఇంతవరకూ చదివి, "అయితే యంత్రం చెప్పిందల్లా వేదమేనన్నమాట" అంటారేమో. నేను ఒప్పుకోను. ఎందుకంటే యంత్రం అరుపు ఎలా వుంటుందో మంచం పక్కన కూర్చుని విన్నదాన్ని.

కొంతకాలం క్రితం మావారికి గుండె నొప్పి వచ్చింది. స్టెంటు వేశారు. ఐ.సి.యు.లోంచి బయటికి తెచ్చి, మానిటరు పెట్టి గదిలో పడుకోబెట్టారు. ఆస్పత్రి పేరెందుకు లెండి. వేలికి ఒక క్లిప్పు, ఛాతీకి తీగలు, తలవైపు ఒక పెట్టె. నాడి, ఆక్సిజను, రక్తపోటు అంకెలు అందులో వెలుగుతూ వుంటాయి. హద్దు దాటితే కూత. మావారు పక్కకి తిరిగితే కూత, దగ్గితే కూత, క్లిప్పు జారితే కూత. మొదటి రాత్రి ప్రతి కూతకీ నా గుండె ఆగినంత పని అయింది. నర్సు పరుగెత్తుకుని వచ్చేది, క్లిప్పు సరిచేసి వెళ్ళేది. రెండో రాత్రికి ఆ పిల్ల పరుగు నడక అయింది. మూడో రాత్రి ఆ చప్పుడు ఎవరు నొక్కేశారో తెలియదు గానీ, పెట్టె మూగదయిపోయింది. ఒక్క నర్సు, పన్నెండు మంచాలు, పన్నెండు కూతలు. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. తోడేలు వచ్చిందని ఊరికే అరిచిన పిల్లవాడి కథలో ఊళ్ళోవాళ్ళని మనం తప్పుపట్టామా?

తెల్లవారుజామున మూడు గంటలకి నాకు మెలకువగానే వుంది. చప్పుడు లేదు గానీ అంకెలు మెరుస్తున్నాయి. ఆక్సిజను 84. క్లిప్పు జారలేదు. చేత్తో పట్టుకుని చూశాను. పెదవుల రంగు మారింది. నేను వరండాలోకి వచ్చి వేసిన కేకకి పన్నెండు మంచాలూ లేచాయి. డాక్టరు వచ్చారు, ఆక్సిజను పెట్టారు. పది నిమిషాలకి అంకె పైకి పాకింది. ఆ పది నిమిషాలు ఎంత పొడుగో నేను రాయలేను.

తరవాత ఆ డాక్టరు చేసిన పని మాత్రం నాకు నచ్చింది. కేకలు వెయ్యలేదు. క్లిప్పు మార్చి టేపు వేయించారు. పెట్టె హద్దుల్ని మావారి వొంటికి తగ్గట్టు సరిచేశారు. హద్దు దాటగానే కాకుండా, దాటి కొన్ని సెకన్లు అలాగే వుంటేనే అరిచేట్టు పెట్టారు. ఆ తరవాత ఆ పెట్టె రోజుకి నాలుగుసార్లే అరిచింది. ఆ నాలుగుసార్లూ నర్సు పరుగెత్తుకుని వచ్చింది.

ఈ మాట ఫోనులో మా కోడలికి చెబితే, "అత్తయ్యా, మా వుద్యోగంలో సగం ఇదే!" అంది. సూత్రంలో ఎంత అన్నది ఒక్కటే రాస్తే చాలదట, ఎంతసేపు అన్నది కూడా రాయాలట. పాలు ఒకసారి బుడగ వేస్తే పొయ్యి కట్టేస్తామా? ఒక్క మాటే నమ్మకూడదట కూడా. ముఖ్యమైన చోట ముగ్గుర్ని అడిగి, ఇద్దరు ఏది చెబితే అది పట్టుకోవాలట. జీతాలు పడే ఒకటో తారీకున డబ్బులు పంపేవాళ్ళు ఎక్కువ. ఆ రోజుకి పాత హద్దు పెడితే తెల్లవార్లూ కూతలే. కూతలు ఎక్కువయితే మనుషులకి చెవుడు వస్తుంది.

కాపలాదారుకే జబ్బు చెయ్యవచ్చు కూడా. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ కోసం చేసిన ఒక పరీక్ష, ముందు ముందు మనుషుల్ని తీసుకెళ్ళే పెట్టెని ఆపదలో ఎలా తప్పించాలో చూసే పరీక్ష, ఇంకా 5 సెకన్లు వుందనగా ఆగింది. ఆ తేడా చూసే ఏర్పాటులోనే వచ్చిందని అప్పటి ఇస్రో అధిపతి సోమనాథ్‌గారు తరవాత చెప్పారు. అయినా ఎవరూ "దాని గోల మనకెందుకు, పోనివ్వండి" అనలేదు. ఎందుకు ఆపిందో వెతికారు, దొరికింది, సరిచేశారు, చూసుకోవలసినవి మళ్ళీ చూసుకుని 10 గంటలకి వదిలారు. పెట్టె అబద్ధం చెబుతోందని తేల్చుకోవటం వేరు, చెబుతోందని అనేసుకోవటం వేరు.

పుట్టింటి కొలత మెట్టింటికి తెచ్చుకుని అవస్థపడిన కథ ఒకటి వుంది. ఐరోపావాళ్ళు 1996 జూన్ 4న ఏరియన్-5 అనే కొత్త రాకెట్టు వదిలారు. అందులో దిక్కులు చూపించే కంప్యూటరు ప్రోగ్రాముని పాత ఏరియన్-4నించి తెచ్చి పెట్టారు. కొత్తది వేగం ఎక్కువ. ఒక అంకె పాత ప్రోగ్రాము పట్టనంత పెద్దది అయింది. తేడా వస్తే పని ఆపేసి కూర్చోమని దానికి రాసిన సూత్రం. కూర్చుంది. దానికి తోడున్న రెండోది కూడా అదే ప్రోగ్రాము, అదీ కూర్చుంది. 40 సెకన్లయినా నిండకుండానే రాకెట్టు అడ్డం తిరిగి ముక్కలయింది. ఆగటం నేలమీద మంచి సూత్రం. ఆకాశంలో, దారి చూపించేవాడికి, అది మంచి సూత్రం ఎట్లా అవుతుంది?

అందుకే వెళ్ళమని చెప్పే సూత్రం కూడా ముందే రాసుకోవాలి. 1969 జూలై 20న చంద్రుడి మీద దిగుతున్న అపోలో-11లో 1202 అని అలారం మోగింది. కంప్యూటరుకి పని ఎక్కువైందని దానర్థం. అంతకు ముందు సాధనలో ఇలాంటి అలారానికే కంగారుపడి అనవసరంగా ఆపేశారట. అప్పుడు అన్ని అలారాలూ జాబితా వేసి, దేనికి ఆగాలి, దేనికి ఆగనక్కర్లేదు అని రాసి పెట్టుకోమని పెద్దలు చెప్పారు. 24 ఏళ్ళ జాక్ గార్మన్ అనే కుర్రాడు చేత్తో రాసుకున్న జాబితా ఆ రోజు బల్లమీద వుంది. చూసి, అదే పనిగా మోగకపోతే ఫరవాలేదని చెప్పాడు. ఇది కూడా "ఫరవాలేదే". కానీ తీరికగా ముందు రాసుకున్న ఫరవాలేదు. ఆ కంప్యూటరులోని ప్రోగ్రాములకి పెద్దగా వున్నది మార్గరెట్ హామిల్టన్ అనే ఆవిడ. పని ముంచుకొస్తే చిన్న పనులు వదిలేసి ముఖ్యమైనవి పట్టుకునేట్టు ఆ కంప్యూటరుని తీర్చారు. చుట్టాలు దిగినప్పుడు ముగ్గు ముట్టకుండా పాలు చూసుకునే మనబోటివాళ్ళకి అందులో ఆశ్చర్యం ఏముంది గానీ, మగవాళ్ళు ఇప్పటికీ ఆశ్చర్యపడుతూనే వున్నారు.

మొన్న పండక్కి వచ్చినప్పుడు మా కోడలు ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళ ఆఫీసులో ఏ అలారమైనా నోరు మూయించవచ్చుట, ఎవరూ వద్దనరట. కానీ మూయించినవాళ్ళు తమ పేరు, కారణం, ఎంతసేపటికి అన్నది రాసి తీరాలట. ఆ గడువు అయిపోగానే అలారం దానంతటది మళ్ళీ పనిలోకి వస్తుందట.

ఇదేదో బాగుందని వంటింట్లో క్యాలెండరు పక్కన ఒక నోటు పుస్తకం కట్టాను. మావారికి ఉప్పు తగ్గించమన్నారు కదా, ఆవకాయ, అప్పడాలు, ఊరగాయలు నిషేధం. ఎవరైనా ఆ సూత్రం పక్కన పెట్టాలంటే ఇందులో రాయాలి అన్నాను. రెండు రోజులు ఆయన దాని వంక చూడలేదు. మూడో రోజు మధ్యాహ్నం కళ్ళజోడు పెట్టుకుని, బ్యాంకులో పనిచేసిన చెయ్యి కదా, గుండ్రటి అక్షరాలతో రాశారు.

"కొత్తావకాయ. ఒక బద్ద. ఈ పూటకి మాత్రమే. కారణం: జాడీ ఇప్పుడే తీశారు."

కింద సంతకం చెయ్యమన్నాను. చేశారు. బద్ద నేనే చూసి వేశాను, చిన్నది.